హాన్‌దాన్ నడక

చీనా భాషలో ఒక నానుడి ఉన్నది. నాలుగే నాలుగు అక్షరాలు. "హాన్‌దాన్ శ్యువే బూ" అని పలుకుతారు. హాన్‌దాన్ అన్నది ఒక ఊరి పేరు; దానికి వారి లిపిలో రెండక్షరాలు. శ్యువే అంటే నేర్చుకొనడం. బూ అంటే అడుగు. అన్నీ కలిపితే హాన్‌దానులో నడక నేర్చుకొనడం అని అర్థం.

నూలుమిల్లు గుమాస్తాకు చీనా నానుడితో ఏమి పని అని పాఠకులు అడగవచ్చును. అడగవలసినదే. కోయంబత్తూరులో పెరిగి, మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి, ఇరవై అయిదేండ్లుగా బేళ్ళ లెక్కలు వ్రాసుకొంటున్నవాడిని. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఈ రెండింటితోనే నాకు పొద్దు గడిచిపోతుంది. ఆఫీసు కాగితాలకు కావలసినంత ఇంగ్లీషు కూడా వచ్చుననుకోండి. ఇంతకు మించి ఇంకొక భాష జోలికి పోవలసిన అవసరం నాకు లేదు. అయినా ఆ నాలుగక్షరాలు వాటంతట అవే వచ్చి నన్ను పట్టుకొన్నవి. అది ఎట్లా జరిగినదో చెబుతాను.

2019లో మా మిల్లులో నూలు చుట్టే కొత్త యంత్రాలు దింపినారు. అవి చీనా నుంచి వచ్చినవి. వాటిని బిగించడానికి ఇద్దరు ఫిట్టర్లు వచ్చినారు. వారికి ఇంగ్లీషు రాదు గనుక ఒక దుబాసీని తోడు తెచ్చుకొన్నారు. పాతికేండ్ల పడుచువాడు, నెమ్మదస్తుడు. వారి కాగితాలూ, బస ఏర్పాట్లూ చూడడం నా వంతుకు వచ్చింది. అందుచేత మధ్యాహ్నం క్యాంటీనులో నేనూ ఆ దుబాసీ ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం.

ఒకనాడు అతనికి చెంచా వదిలి మనవలె చేత్తో తినాలని బుద్ధి పుట్టింది. ఆ మొదలుపెట్టడం చారన్నంతో మొదలుపెట్టినాడు! ముద్ద నిలవలేదు. చారు మోచేతి దాకా కారింది. కాసేపు పెనుగులాడి, ఇక లాభం లేదని చెంచా అందుకొన్నాడు. వేళ్ళు జిడ్డుగా ఉన్నవేమో, చెంచా కూడా జారి కింద పడింది. అతడు పెద్దగా నవ్వి, తనలో తాను ఏదో అనుకొన్నాడు. ఏమిటది అని అడిగినాను. అప్పుడు ఈ కథ చెప్పినాడు.

పూర్వం యెన్ అనే రాజ్యంలో షౌలింగ్ అనే చోట ఒక పడుచువాడు ఉండేవాడట. జావ్ రాజ్యానికి రాజధాని హాన్‌దాన్. ఆ నగరంలో జనం నడిచే తీరు ఎంతో సొగసుగా ఉంటుందని విని, ఆ నడక నేర్చుకొందామని అక్కడికి పోయినాడట. ఎన్నాళ్ళున్నా ఆ నడక అతనికి పట్టుబడలేదు. ఈలోగా తన పాత నడక కాస్తా మరచిపోయినాడు. చివరకు చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించి, పాకుతూ ఇల్లు చేరినాడు. అంతే కథ.

నేను నవ్వినాను. "ఇది మా ఇంటి సామెతే గదా!" అన్నాను. హంస నడకలు నేర్వబోయి తన నడక మరచిపోయిన కాకి సంగతి అతనికి చెప్పినాను. రెండు దేశాలకూ ఒకే ఊహ తోచినందుకు అతడు చాలా సంతోషించినాడు. ఆ ఉత్సాహంలో నేను ఊరుకోక, "ఈ ఉదయమే ఆ సామెతతో మా అమ్మాయిని మందలించి వచ్చినాను" అని కూడా చెప్పినాను.

మా అమ్మాయికి అప్పుడు పదకొండేండ్లు. బడికి పోయే తొందరలో, "నాన్నా, డబ్బాకు మూడి గట్టిగా పడలేదు, చారంతా సంచిలో పోతుంది" అన్నది. మూడి అన్నది తమిళం. మూత అనవలసింది. నాకు కోపం వచ్చింది. "మూత అనడానికి నోరు తిరగదా? హంస నడకా రాదు, కాకి నడకా ఉండదు నీకు!" అన్నాను. పిల్ల మాట్లాడలేదు. ఆ డబ్బా అట్లాగే సంచిలో పెట్టుకొని పోయింది.

ఇదంతా విని దుబాసీ కాసేపు ఊరుకొన్నాడు. తరువాత చాలా మర్యాదగా, "ఒక మాట అడగవచ్చునా? మీ అమ్మాయికి కాకి నడక ఎప్పుడు వచ్చింది?" అన్నాడు.

నాకు ప్రశ్న అర్థం కాలేదు.

"మా నానుడి ఉన్నదానిని పోగొట్టుకొన్నవాడికి చెల్లుతుంది. నాకు చెంచా పట్టడం వచ్చు. అది కూడా చేయి జారింది గనుక నన్ను నేనే ఎగతాళి చేసుకొన్నాను. నడక ఇంకా రాని పిల్లల మీద ఆ మాట వాడరు. వారు పోగొట్టుకొన్నది ఏమున్నది?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. భోజనం ముగించి బేళ్ళ లెక్కలోకి పోయినాను. కాని లెక్క కుదరలేదు.

ఆ తరువాత కొన్ని వారాలపాటు ఈ నానుడి సంగతి తెలుసుకొందామని కూర్చున్నాను. అతడు చెప్పినది కొంత, నేను చదివినది కొంత. చ్వాంగ్‌జీ అనే తాత్త్వికుడు క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో ఉండేవాడు. అతని పేరుతో ఉన్న గ్రంథంలో "శరత్కాలపు వరదలు" అనే అధ్యాయంలో ఈ కథ ఉన్నది. 1891లో అచ్చయిన జేమ్స్ లెగ్ గారి ఇంగ్లీషు అనువాదం ఇప్పుడు ఎవరైనా ఊరకే చదువుకొనవచ్చును. నిఘంటువు పక్కన పెట్టుకొని నేనూ చదివినాను. చదివితే ఒక వింత తెలిసింది. మనం కూపస్థ మండూకం అంటామే, ఆ నూతిలోని కప్ప కూడా అదే అధ్యాయంలో, అదే సంభాషణలో, ఈ పడుచువాడికి కొంచెం ముందుగా కూర్చుని ఉన్నది!

ఆ సంభాషణ ఇట్లా నడుస్తుంది. గోంగ్‌సున్ లోంగ్ అని గొప్ప తర్కవేత్త ఉండేవాడు. తెల్ల గుర్రం గుర్రం కాదని వాదించి గెలిచినవాడు. అంతటివాడికీ చ్వాంగ్‌జీ మాటలు అంతుపట్టలేదు. నాకు తర్కం చాలకనా, జ్ఞానం చాలకనా అని మౌ అనే రాజకుమారుని దగ్గర వాపోయినాడు. మౌ నవ్వి, ముందు కప్ప కథ చెప్పినాడు. పాడుపడిన నూతిలోని కప్ప, తూర్పు సముద్రం నుంచి వచ్చిన తాబేలును చూచి, తన నుయ్యి ఎంత సుఖంగా ఉన్నదో చెప్పి లోపలికి రమ్మన్నదట. తాబేలు ఎడమ కాలు ఇంకా లోపల పెట్టనే లేదు, కుడి మోకాలు ఇరుక్కొన్నది. అది వెనక్కు తగ్గి, సముద్రం మాట చెప్పింది. పదేండ్లలో తొమ్మిదేండ్లు వరదలు వచ్చినా అది పెరగలేదు, ఎనిమిదేండ్లలో ఏడేండ్లు కరవు వచ్చినా తరగలేదు అని. కప్ప నోట మాట లేదు.

ఆ తరువాత మౌ హాన్‌దాన్ కథ చెప్పి తర్కవేత్తను హెచ్చరించినాడు. నీవు ఇప్పుడే ఇక్కడ నుంచి పోకపోతే చ్వాంగ్‌జీ తత్త్వం నీకు అందదు సరిగదా, నీ తర్కం కూడా నీకు మిగలదు అని దాని సారాంశం. తర్కవేత్త తెరిచిన నోరు మూయలేక, నాలుక దింపలేక, లేచి పరుగెత్తినాడట.

మూలంలో కథ రెండు మూడు ముక్కలే. హాన్‌దాన్ జనం ఎట్లా నడిచేవారో అందులో లేదు. ఆ పడుచువాడు ఎవరి దగ్గర నేర్చుకొన్నాడో లేదు. తరువాతి కాలపు పిల్లల పుస్తకాలలో కథను పెంచి, ముసలివారిని చూచి ఒక నడక, పిల్లలను చూచి ఒక నడక అనుకరించినట్లు చెబుతారు. హాన్‌దాన్ ఇప్పటికీ ఉన్నది. హబెయ్ రాష్ట్రంలో దక్షిణపు కొసన పెద్ద నగరం. అక్కడ ఒక పాత రాతి వంతెనకు నడక నేర్చిన వంతెన అనే పేరు కూడా ఉన్నది. తమ ఊరి నడకను చూచి ఎవడో పాకుతూ పోయినాడన్న కథను ఆ ఊరివారు ఇంతకాలం మురిపెంగా దాచుకొన్నారన్న మాట.

ఇక వాడుక సంగతి. చీనా వారికి ఇటువంటి నాలుగక్షరాల నానుళ్ళు వేలకొద్దీ ఉన్నవి. విభక్తి ప్రత్యయాలు ఉండవు, క్రియకు రూపాలు మారవు. నాలుగు రాళ్ళు పక్కపక్కన పేర్చినట్లు ఉంటుంది. కథ తెలిసినవాడికే అర్థం తెలుస్తుంది. మనం భగీరథ ప్రయత్నం అంటాము, త్రిశంకు స్వర్గం అంటాము. రెండు మాటలలో ఒక పురాణం ఇమిడిపోతుంది గదా. ఇదీ అటువంటిదే.

ఈ నానుడి ఎప్పుడూ తప్పు పట్టడానికే వాడతారు, మెచ్చుకొనడానికి వాడరు. ఒకరి పద్ధతిని గుడ్డిగా అనుకరించబోయి ఉన్నది కూడా పోగొట్టుకొన్నవారికి ఈ మాట. పొరుగువారి ఏర్పాట్లను తమ స్థితిగతులు చూడకుండా దించుకొనే కార్యాలయం గురించి అనవచ్చును. మరొకరి శైలి కోసం తన చేతివాటం పాడుచేసుకొన్న చిత్రకారుని గురించి అనవచ్చును. మా దుబాసీవలె తనను తాను తగ్గించుకొని నవ్వుకొనడానికీ వాడవచ్చును. కాని ముఖం ఎదుట ఇంకొకరిని అంటే అది చిన్న మాట కాదు.

పాత వాడుకలలో ఒకటి నాకు చాలా నచ్చింది. క్రీస్తు తరువాత 1వ శతాబ్దంలో బాన్ గూ అనే చరిత్రకారుడు హాన్ వంశ చరిత్ర వ్రాసినాడు. అందులో తన వంశీకుడు బాన్ సీ సంగతి చెప్పినాడు. హ్వాన్ తాన్ అనే పండితుడు ఆ బాన్ సీని చ్వాంగ్‌జీ మతపు గ్రంథం ఎరువు అడిగినాడట. బాన్ సీ ఇవ్వలేదు. మీరు కన్ఫ్యూషియస్ మార్గానికి కట్టుబడినవారు, ఇది చదివితే హాన్‌దానులో నడక నేర్చుకొన్నవాని గతి పట్టునేమో అని భయపడి పంపడం లేదు అని జవాబు వ్రాసినాడు. పుస్తకాలు ఎరువిచ్చి తిరిగి రాక బాధపడిన మన సంఘం గ్రంథాలయం వారికి ఈ జవాబు పనికివస్తుందేమో చూడాలి.

దీనికి తోడబుట్టినదనదగిన నానుడి మరొకటి ఉన్నది. షీషీ అని ఒక అందగత్తె. ఆమెకు గుండెల్లో నొప్పి వచ్చినప్పుడు కనుబొమలు ముడిచేది. అది కూడా ఆమెకు అందంగానే ఉండేది. ఊళ్ళోని కురూపి ఒకతె అది చూచి తానూ బొమలు ముడిచిందట. జనం తలుపులు వేసుకొన్నారు. ఇదీ చ్వాంగ్‌జీ గ్రంథంలోని కథే. 8వ శతాబ్దపు మహాకవి లీ బాయ్ ఈ రెండు కథలనూ ఒకే పద్యంలో పక్కపక్కన పెట్టి, అనుకరించే కవులను వెక్కిరించినాడు. చూడడానికి రెండూ ఒకటే అనిపిస్తుంది. కాని ఒకటి కాదు. బొమలు ముడిచినామె లేని వికారం తెచ్చి పెట్టుకొన్నది. హాన్‌దాన్ పోయినవాడు ఉన్న నడక పోగొట్టుకొన్నాడు. మనకూ ఈ తేడా తెలుసును. మొదటిదానికి పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లు అంటాము. రెండవదానికి కాకిని పిలుస్తాము. వాత మానుతుంది. నడక పోతే ఎట్లా?

ఇంత తెలిసిన తరువాత దుబాసీ అడిగిన ప్రశ్న తప్పించుకొనడానికి వీలు లేకపోయింది. మా ఇంట్లో కాకి నడక ఎవరికి వచ్చును? ఎవరు పోగొట్టుకొన్నారు? ఇక్కడ నా కథ కొంత చెప్పుకొనక తప్పదు.

మా పెద్దలు నాయకరాజుల కాలంలో ఈ ప్రాంతానికి వచ్చినారని చెప్పుకొంటారు. మా అమ్మ పొల్లాచ్చి దగ్గర పల్లెలో పుట్టింది. తెలుగు అక్షరం ఎరుగదు. కాని ఆమె నోట పుట్టిన తెలుగు మీలో చాలామంది ఇండ్లలో వినిపించేదే. అన్నం కూడు. బర్రె ఎనుము. వేడినీళ్ళు ఉడుకునీళ్ళు. స్నానం చేయడం నీళ్ళు పోసుకొనడం. "వస్తివా, తింటివా, ఈడ ఉండాదా, ఆడ ఉండాదా" అని మాట్లాడుతుంది. నేనూ అట్లాగే మాట్లాడేవాడిని. ఆదివారాలు సంఘంలో తెలుగు చదవడం, వ్రాయడం నేర్చుకొన్నాను గాని, నోటి మాట మాత్రం అమ్మదే.

2004లో పత్తి కొనుగోలు లెక్కలు సరిచూడడానికి నన్ను గుంటూరు పంపినారు. తెలుగుదేశంలో అడుగు పెట్టడం నాకదే మొదటిసారి. రైల్లో రాత్రంతా నిద్ర పట్టలేదు. ఉదయం బసలో దిగి, పని కుర్రవాణ్ణి పిలిచి, ఎంతో సంతోషంగా నా తెలుగులో, "నీళ్ళు పోసుకోవాల, ఉడుకునీళ్ళు ఉండాయా?" అని అడిగినాను.

వాడు నన్ను తేరిపార చూచినాడు. తరువాత వెళ్ళి ఇంకొకణ్ణి పిలుచుకొని వచ్చి, "సార్, మళ్ళీ ఒకసారి అనండి" అన్నాడు. అన్నాను. ఇద్దరూ కడుపు పట్టుకొని నవ్వినారు. ఆ ప్రాంతంలో నీళ్ళు పోసుకొనడం అనే మాట కడుపుతో ఉన్న ఆడవారి విషయంలో వాడతారని సాయంత్రం పత్తి అంగడిలో ఒక పెద్దమనిషి చెప్పేదాకా నాకు తెలియదు. ఆయన కూడా నవ్వాపుకొంటూ, "ఏ ఊరండీ మీది? తమిళులా?" అన్నాడు.

కోయంబత్తూరులో నన్ను అందరూ తెలుగువాడనే అంటారు. గుంటూరు పోతే తమిళుడవా అన్నారు. ఆ రాత్రి ఒక నిశ్చయానికి వచ్చినాను. ఇకమీదట సరియైన తెలుగు మాట్లాడాలి అని.

తిరిగి వచ్చి ఆ పనిలో పడినాను. టెలివిజన్‌లో తెలుగు వార్తలు పెట్టుకొని, చదివేవారి వెంట నేనూ పలికేవాడిని. "ఉండాది" మానేసి "ఉందండీ" అన్నాను. "ఎనుము" అంటే నాకే సిగ్గు వేసేది. అమ్మ "కూడు తింటివా" అంటే, "అన్నం తిన్నావా అనాలమ్మా" అని దిద్దేవాడిని. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. చుట్టాల ఎదుట కూడా దిద్దినాను. ఆమె మొదట నవ్వింది. తరువాత నవ్వడం మానింది.

ఎప్పుడు మొదలయినదో నేను గమనించనే లేదు. మా అమ్మ నాతో తమిళంలో మాట్లాడసాగింది. పాలవాడితో మాట్లాడినట్లు, బస్సు కండక్టరుతో మాట్లాడినట్లు కన్నకొడుకుతో తమిళంలో మాట్లాడింది. మా అమ్మాయి పుట్టిన తరువాత ఆ మనుమరాలితోనూ తమిళమే. ఒకనాడు నా భార్య ఎందుకని అడిగితే, "నాది పట్టికాటు తెలుగు. బిడ్డకు అది వస్తే వాళ్ళ నాయిన తిడతాడు. అరవం అయితే ఎవురూ దిద్దరు" అన్నదట. ఆ మాట నా భార్య నాకు అప్పుడే చెప్పింది. నేను పట్టించుకోలేదు.

దుబాసీ ప్రశ్న తరువాత ఆ మాట గుర్తుకు వచ్చింది. పిల్ల మూడి అన్నదని కోప్పడినాను గదా. మూత అనే మాట ఆ పిల్ల చెవిని వేయవలసిన నోరు ఆ ఇంట్లో ఒకటి ఉన్నది. దానిని మూయించినవాడిని నేనే. నా సంగతి చూస్తే, గుంటూరు తెలుగు నాకు పట్టుబడిందా? లేదు. మూడో మాటకు మా యాస బయటపడుతుంది. ఇంటి తెలుగు మిగిలిందా? పదిహేనేండ్లు నోట పలకక అదీ తడబడుతున్నది. పాకుతూ ఇల్లు చేరినవాణ్ణి చూచి క్యాంటీనులో నవ్వినాను. వాడు పరాయివాడు కాడు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మనబోటి బయటి తెలుగువారం హాన్‌దాన్ అంటే పొరుగు భాషే అనుకొంటాము. తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో మన నడక మరిపిస్తుందని భయపడతాము. నా విషయంలో తమిళం అటువంటి అపకారం ఏదీ చేయలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం రెండు కాళ్ళవలె నడిచినవి. నా హాన్‌దాన్ గుంటూరు. సొగసైన నడక అని నేను ఆశపడినది తెలుగు నడకే! అందుచేతనే ప్రమాదం నాకు కనిపించలేదు. నేను సిగ్గుపడిన ఎనుము పాత నిఘంటువులలో ఉన్నది. తింటిని, వస్తిని అనే రూపాలు పాత పుస్తకాల నిండా ఉన్నవి. మా అమ్మ వాటిని చదవలేదు, వాటితో బ్రతికింది.

అట్లాగని నేర్చుకొనడమే తప్పు అని ఈ నానుడి చెప్పదు. ఈ మాట నాకు హాన్‌దాన్ నగరమే చెప్పింది. జావ్ రాజ్యం క్రీస్తుకు పూర్వం 386లో ఆ ఊరిని రాజధాని చేసుకొన్నది. అక్కడ నుంచి ఏలినవారిలో వూలింగ్ అనే రాజు ఒకడు. ఉత్తరాన గుర్రాల మీద తిరిగే జాతులతో ఆ రాజ్యానికి ఎప్పుడూ పోరే. జావ్ సైనికులు పొడవైన అంగీలతో, బరువైన రథాలతో వారికి చాలలేకపోయేవారు. క్రీస్తుకు పూర్వం 307లో వూలింగ్ ఒక ఆజ్ఞ చేసినాడు. ఆ జాతులవలె ఇజార్లు తొడగాలి, గుర్రమెక్కి బాణం వేయడం నేర్వాలి అని. నాగరికులము మనం అనాగరికుల బట్ట కట్టడమా అని పెద్దలు అడ్డు చెప్పినారు. రాజుగారి పినతండ్రి జబ్బు అని చెప్పి సభకు రావడమే మానుకొన్నాడు. రాజు తానే ఆయన ఇంటికి పోయి, నచ్చజెప్పి, ఆ దుస్తులు ఇచ్చి వచ్చినాడు. మరునాడు ఆ పెద్దాయన వాటిని తొడుక్కొని సభకు వచ్చినాడు. జావ్ బలపడింది.

దీని మీదా నాలుగక్షరాల నానుడి ఉన్నది. "హూ ఫూ చీ షె". పరజాతి దుస్తులు, గుర్రం మీద విలువిద్య అని అర్థం. ఇది మెచ్చుకొని చెప్పే మాట. ఒకే ఊరి పేరు మీద నేర్చుకొని చెడినవాని కథా, నేర్చుకొని బాగుపడినవారి కథా రెండూ నిలిచినవి. వూలింగ్ తనకు ఏది కొరతో చూచుకొని అది తెచ్చుకొన్నాడు. గుర్రమెక్కినంత మాత్రాన జావ్ జనం జావ్ జనం కాకుండా పోలేదు. షౌలింగ్ పడుచువాడికి కొరత ఏమున్నది? కాళ్ళు ఉన్నవి, నడక ఉన్నది. అవి ఎవరో చూచి నవ్వేవని అనుకొన్నాడు కాబోలు.

ఆ యంత్రాలు బిగించడం రెండు నెలలలో ముగిసింది. దుబాసీ పోయే ముందు చారన్నం చేత్తో చక్కగా తినగలిగినాడు. చెంచా కూడా జారలేదు. "ఇక ఆ మాట నాకు చెల్లదు" అని నవ్వినాడు. నేను అతనికి నా సంగతి చెప్పలేదు. చెప్పడానికి అప్పటికి ఇంకా నోరు రాలేదు.

ఒక ఆదివారం ఉదయం అమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నది. మనుమరాలు పక్కన కూర్చుని వలిచిన గింజలు లెక్కపెడుతున్నది. నేను తువాలు భుజాన వేసుకొని నిలుచున్నాను. గుంటూరులో నన్ను నవ్వులపాలు చేసిన వాక్యం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది. పదిహేనేండ్ల తరువాత దానిని మళ్ళీ పలికినాను.

"అమ్మా, నీళ్ళు పోసుకోవాల. ఉడుకునీళ్ళు ఉండాయా?"

అమ్మ చేతిలో కాయ ఆగింది. నా ముఖంలోకి చూచింది. ఎగతాళి చేస్తున్నానేమో అని చూచింది. అది నాకు తెలిసింది, చాలా బాధ అయింది. కాసేపటికి తల దించుకొని, మళ్ళీ కాయ వలుస్తూ, "ఉండాయి నాయినా. పొయ్యి మీద ఉండాయి, పోసుకో" అన్నది.

పిల్ల తలెత్తి, "ఉడుకునీళ్ళా? అంటే ఏమి అవ్వా?" అన్నది.

అమ్మ చెప్పింది. ఉడుకు అంటే ఏమో, ఉడికేది అంటే ఏమో, చిక్కుడుగింజ ఉడికితే ఎట్లా ఉంటుందో అంతా తెలుగులోనే చెప్పింది. నేను నీళ్ళు పోసుకొని వచ్చేసరికి ఇంకా చెబుతూనే ఉన్నది.

ఇప్పుడు మా అమ్మాయి కాలేజీ చదువుకు వచ్చింది. అవ్వతో పొద్దస్తమానం ఇంటి తెలుగులోనే కబుర్లు. మాటల మధ్య మూడి వస్తుంది, మూత కూడా వస్తుంది. నేను దిద్దను. మా అమ్మకు ఇప్పుడు డెబ్బై దాటినవి. నాతో మాట్లాడేటప్పుడు ఇంకా అప్పుడప్పుడు తమిళంలోకి జారుతుంది. అలవాటు అంత తొందరగా పోతుందా? అప్పుడు నేను ఏమీ అనకుండా తెలుగులోనే బదులు చెబుతాను. ఆమె మళ్ళీ వస్తుంది.

గుంటూరు పని ఇప్పటికీ ఏడాదికి ఒకసారి తగులుతుంది. అక్కడ బసలో దిగితే "స్నానానికి వేడినీళ్ళు కావాలండీ" అనే అడుగుతాను. అది వారి ఊరి మర్యాద; నాకు కొరత అయినది నేర్చుకొన్నాను. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కొనగానే లోపలి నుంచి, "వస్తివా నాయినా? కూడు తింటివా?" అని వినబడుతుంది.

"ఇంకా లేదు అమ్మా. పెట్టు, తింటాను" అంటాను.